కమ్యూనిటీ కాలేజీలో చదువు సాయం: మొదటి వారం నుంచి ఫైనల్స్ దాకా ఎలా వాడుకోవాలి

సాయంత్రం ఆరు దాటితే, నేను ట్యూటర్‌గా పనిచేసే కమ్యూనిటీ కాలేజీ మ్యాథ్ ల్యాబ్‌లో కుర్చీ దొరకదు. పగలంతా ఉద్యోగం చేసి వచ్చినవాళ్లు, హైస్కూల్ నుంచి నేరుగా వచ్చిన పిల్లలు, యాభై దాటాక నర్సింగ్ చదువుదామని వచ్చిన అమ్మలు, అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. మన తెలుగువాళ్లను మాత్రం చాలాసార్లు గుమ్మం దగ్గరే గుర్తుపడతాను. తలుపు మీద అంటించిన టైమింగుల కాగితం చదువుతున్నట్టు కాసేపు నిలబడి, ఫోన్ చూసుకుని వెళ్లిపోతారు.

నేనూ ఒకప్పుడు అలాగే వెళ్లిపోయాను. గుంటూరులో బీకాం చేసి, పెళ్లయి అమెరికా వచ్చి, పదకొండేళ్ల తర్వాత మళ్లీ పుస్తకం పట్టాను. స్టాటిస్టిక్స్ మొదటి క్విజ్‌లో 20కి 9 వచ్చాయి. ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకి కూడా. మూడు వారాలు ఆ గుమ్మం దాటలేదు. నాలుగో వారం వెళ్లాక, ఆ మూడు వారాల పాఠాలు మళ్లీ పట్టుకోవడానికి నెలన్నర పట్టింది. మన ఊళ్లో డబ్బు కట్టి ట్యూషన్‌కి వెళ్లడం మామూలే. కానీ కాలేజీలో ఒకరి దగ్గరికి వెళ్లి "నాకు ఇది రాలేదు" అనడం మాత్రం మనకి నామోషీ. ఆ నామోషీ వల్ల మన పిల్లలు పోగొట్టుకునేది చాలా ఎక్కువ. అందుకే ఇది రాస్తున్నాను.

కమ్యూనిటీ కాలేజీ అంటే రెండేళ్ల అసోసియేట్ డిగ్రీలు, సర్టిఫికెట్లు ఇచ్చే కాలేజీ. ఇల్లినాయిలో 1901లో మొదలైన జోలియెట్ జూనియర్ కాలేజీతో ఈ పద్ధతి వచ్చింది. ఇప్పుడు ఒక్క కాలిఫోర్నియాలోనే 116 ఉన్నాయి. డాలస్ వైపు కాలిన్ కాలేజీ, బే ఏరియాలో ఓలోని, డి ఆంజా, న్యూజెర్సీలో మిడిల్‌సెక్స్ లాంటివి మనవాళ్లకి బాగా తెలిసిన పేర్లే. రెండేళ్లు ఇక్కడ తక్కువ ఫీజుతో చదివి తర్వాత యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అవ్వచ్చు. ట్యూటరింగ్, రైటింగ్ సెంటర్, కౌన్సెలింగ్ లాంటి వాటికి దాదాపు ఎక్కడా విడిగా డబ్బు కట్టక్కర్లేదు. మీరు కట్టిన ఫీజులో, ప్రభుత్వం ఇచ్చే నిధుల్లో అవి ఉన్నాయి. మీరు వెళ్లకపోతే మీ వంతు వదులుకున్నట్టే.

మొదటి వారం: సిలబస్ పెన్ను పట్టుకుని చదవండి

మనకి సిలబస్ అంటే పాఠాల జాబితా. ఇక్కడ సిలబస్ అంటే మీకూ ప్రొఫెసర్‌కీ మధ్య ఒప్పందం లాంటిది. అందులో నాలుగు చోట్ల గీత గీయండి: ప్రొఫెసర్‌ని విడిగా కలిసే ఆఫీస్ అవర్స్ ఎప్పుడు, ఆలస్యంగా ఇస్తే మార్కులు ఎంత పోతాయి, క్లాస్ వదిలేయడానికి ఆఖరి తేదీలు ఏవి, చాట్‌జీపీటీ లాంటివి వాడటంపై నియమం ఏమిటి. ఈ చివరిది ఒక్కో ప్రొఫెసర్‌కి ఒక్కోలా ఉంటుంది. పక్క క్లాసులో ఒప్పుకున్నారు కదా అని ఇక్కడ వాడితే కాపీ కింద లెక్కేసే ప్రమాదం ఉంది.

తేదీలన్నీ ఆ రోజే ఫోన్ క్యాలెండర్‌లో వేసుకోండి. తర్వాత గంటలు లెక్క కట్టండి. ఒక యూనిట్‌కి, అంటే ఒక క్రెడిట్‌కి, వారానికి ఒక గంట క్లాస్, బయట రెండు గంటల చదువు అని ఇక్కడ పాత లెక్క. 12 యూనిట్లు తీసుకుంటే వారానికి 36 గంటలు. దీనికి తోడు పాతిక గంటలు పార్ట్‌టైమ్ పని ఉంటే ఎక్కడ తేడా వస్తుందో కాగితం మీదే కనిపిస్తుంది. డి ఆంజా, ఫుట్‌హిల్ లాంటి కాలేజీల్లో సెమిస్టర్ల బదులు క్వార్టర్లు ఉంటాయి, టర్మ్ ఇంకా పొట్టిది, అక్కడ రెండు వారాలు వెనకపడితే చాలా వెనకపడ్డట్టే.

అదే వారంలో, క్లాసుల మధ్య ఖాళీ దొరికినప్పుడు, ట్యూటరింగ్ సెంటర్, లైబ్రరీ, కౌన్సెలింగ్ ఆఫీసు ఎక్కడున్నాయో ఒకసారి నడిచి చూసి రండి. పని లేనప్పుడు చూసిన గుమ్మం, కష్టం వచ్చినప్పుడు కొత్తగా అనిపించదు.

కౌన్సెలర్‌ని కలవడం

కౌన్సెలింగ్ అనగానే మనకి ఎంసెట్ తర్వాత సీట్ల కేటాయింపు గుర్తొస్తుంది, లేదా మానసిక సమస్యలు. కాలిఫోర్నియా కాలేజీల్లో కౌన్సెలర్ అంటే ముందుగా మీ చదువు దారి గీసే మనిషి. టెక్సాస్‌లో ఎక్కువగా అడ్వైజర్ అంటారు. ఏ టర్మ్‌లో ఏ క్లాస్ తీసుకోవాలో రాసిచ్చే ఎడ్యుకేషన్ ప్లాన్ వీళ్ల దగ్గరే తయారవుతుంది.

సెమిస్టర్ మొదటి వారంలో వెళ్తే పెద్ద క్యూ, పది నిమిషాల మాట. నాలుగో వారం తర్వాత అపాయింట్‌మెంట్ తీసుకుంటే తీరిగ్గా మాట్లాడతారు. వెళ్లేటప్పుడు మీ మార్కుల పత్రాలు, వెళ్లాలనుకునే రెండు మూడు యూనివర్సిటీల పేర్లు, మేజర్ (డిగ్రీలో ప్రధాన సబ్జెక్టు) తీసుకెళ్లండి. మేజర్ ఇంకా తేల్చుకోకపోతే ఆ మాటే చెప్పండి.

వెళ్లే ముందు కొంత ఇంటిపని చేసుకోండి. కాలిఫోర్నియాలో అసిస్ట్ డాట్ ఆర్గ్ సైట్‌లో మీ కాలేజీ క్లాస్ ఏ యూనివర్సిటీలో దేనికి సమానమో చూపిస్తుంది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్, ఈ ఆరు క్యాంపస్‌లు షరతులు తీరితే ముందే సీటు హామీ ఇస్తాయి. ఆ దరఖాస్తు సెప్టెంబర్‌లోనే పెట్టాలి కాబట్టి వేసవికి ముందే కౌన్సెలర్‌తో మాట్లాడి ఉండాలి. టెక్సాస్ కమ్యూనిటీ కాలేజీల్లో క్లాసుల నంబర్లు రాష్ట్రమంతా ఒకటే. కాలేజ్ ఆల్జీబ్రా మ్యాథ్ 1314. మొదటి అంకె ఏ ఏడాది స్థాయో చెబుతుంది, రెండోది ఎన్ని క్రెడిట్లో.

మీ ఇంగ్లిష్, లెక్కలు బలహీనం అనిపిస్తే ఇంకో ప్రశ్న అడగండి: "ఈ క్లాస్‌తో పాటు తీసుకునే సపోర్ట్ క్లాస్ ఉందా?" 2017లో రెండు రాష్ట్రాల్లోనూ వచ్చిన చట్టాల వల్ల, ఏళ్ల తరబడి కింది స్థాయి క్లాసుల్లో కూర్చోబెట్టే పద్ధతి తగ్గి, అసలు క్లాస్‌కి తోడుగా సపోర్ట్ క్లాస్ పెట్టే పద్ధతి వచ్చింది. గంటలు ఎక్కువ పడతాయి, కానీ ఒక ఏడాది మిగులుతుంది.

ట్యూటర్ దగ్గర కూర్చున్నప్పుడు

ఒకరోజు ఒక అబ్బాయి వచ్చాడు. నేను తెలుగు అని తెలియగానే గొంతు తగ్గించి, "ఆంటీ, నాకు ఆల్జీబ్రా మొత్తం రావట్లేదు" అన్నాడు.

"మొత్తం అంటే నేనేం చెప్పలేను నాన్నా. నువ్వు చేసిన లెక్క ఒకటి చూపించు" అన్నాను.

సంచిలోంచి నలిగిన హోంవర్క్ కాగితం తీశాడు. ఎక్స్ ప్లస్ 3 హోల్ స్క్వేర్ అంటే ఎక్స్ స్క్వేర్ ప్లస్ 9 అని రాసి ఉంది. నేను తప్పు అనలేదు. "ఎక్స్ బదులు 1 పెట్టి రెండు వైపులా చూడు" అన్నాను. ఎడమ వైపు 4 స్క్వేర్, 16. కుడి వైపు 1 ప్లస్ 9, 10. పెన్సిల్ ఆగిపోయింది. అప్పుడు ఒక చదరం గీసి, ఒక్కో భుజాన్ని ఎక్స్, 3 అని రెండు ముక్కలు చేశాను. లోపల నాలుగు గదులు వచ్చాయి. ఒకటి ఎక్స్ స్క్వేర్, ఒకటి 9, మిగతా రెండూ చెరో 3 ఎక్స్. "ఈ రెండు గదులూ నీ జవాబులో ఎటు పోయాయి?" అని అడిగాను. చాలాసేపు చూసి, "6 ఎక్స్" అన్నాడు. తర్వాత తనంతట తానే కాగితం తిరగేసి అదే తప్పు ఇంకో నాలుగు లెక్కల్లో పట్టుకున్నాడు. ఇరవై నిమిషాలు పట్టింది. "మొత్తం రావట్లేదు" అనుకున్నది నిజానికి ఒక్క మెట్టు.

ఆ నలిగిన కాగితం తేకపోతే నాకు ఏ మెట్టో తెలిసేది కాదు. అందుకే ఖాళీ చేతులతో వెళ్లొద్దు. తప్పైనా సరే, మీరు చేసింది తీసుకెళ్లండి. ఎక్కడ ఆగారో అక్కడ చుక్క పెట్టుకోండి. టెక్స్ట్‌బుక్, క్లాస్ నోట్సు, ఆన్‌లైన్ హోంవర్క్ లాగిన్ కూడా దగ్గర ఉండాలి.

ట్యూటర్ మీ హోంవర్క్ చేసి పెట్టరు, జవాబులన్నీ సరిచూసి టిక్కులు పెట్టరు. ఇంటికిచ్చిన పరీక్ష అయితే అసలు ముట్టుకోరు. వాళ్లు ఎక్కువగా మిమ్మల్నే ప్రశ్నలు అడుగుతారు. మొదట్లో చాలామందికి చిరాకు వస్తుంది, "చెప్పేస్తే పోయేదానికి ఇన్ని ప్రశ్నలెందుకు" అని. మా శిక్షణే అలా ఉంటుంది. చాలా కాలేజీల్లో ట్యూటర్లకి కాలేజ్ రీడింగ్ అండ్ లెర్నింగ్ అసోసియేషన్ సర్టిఫికెట్ ఉంటుంది. దాని మొదటి స్థాయికే 10 గంటల శిక్షణ, 25 గంటల ట్యూటరింగ్ కావాలి.

లేచే ముందు ఒక పని తప్పక చేయండి. అదే రకం కొత్త లెక్క ఒకటి ట్యూటర్ చూస్తుండగా మీరే చేయండి. ట్యూటర్ చేస్తుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది, ఇంటికి వెళ్లి పెన్ను పట్టుకుంటే చెయ్యి కదలదు. ఆ తేడా అక్కడే బయటపడాలి. తర్వాత వచ్చే వారానికి అదే ట్యూటర్‌ని, అదే టైమ్‌ని బుక్ చేసుకోండి. పరీక్ష ముందు రోజు మూడు గంటల కంటే వారానికి ఒక గంట ఎంతో మేలు, పైగా పరీక్ష ముందు రోజు మా దగ్గర మీకు పది నిమిషాలకి మించి దొరకదు.

రాత్రి పదకొండుకి ఇరుక్కుంటే ఆన్‌లైన్ ట్యూటరింగ్ ఉంటుంది. నెట్‌ట్యూటర్, బ్రెయిన్‌ఫ్యూజ్ లాంటి వాటితో చాలా కాలేజీలకి ఒప్పందాలున్నాయి. కాలేజీ క్లాసుల వెబ్‌సైట్ అయిన కాన్వాస్‌లో మీ క్లాస్ పేజీ ఎడమ పక్క మెనూలో వెతకండి. కాలేజీ ద్వారా లాగిన్ అయితే డబ్బు అడగదు.

రైటింగ్ సెంటర్

ఇంగ్లిష్ తప్పులు దిద్దించుకుందామని వెళ్తే నిరాశే. వాళ్లు దిద్దరు. అరగంట కూర్చోబెట్టి, వ్యాసం మీ చేత పైకి చదివిస్తారు. ఎక్కడ మీరే తడబడతారో అక్కడ ఆగి "ఇక్కడ ఏం చెప్పాలనుకున్నారు?" అంటారు. ఆ ప్రశ్నకి మీరు నోటితో చెప్పే జవాబు, కాగితం మీద రాసిన దానికంటే చాలాసార్లు బాగుంటుంది. అదే రాసుకోండి.

మనకి ఉపోద్ఘాతం ఎక్కువ. నేను రాసిన మొదటి వ్యాసంలో ఒకటిన్నర పేజీ దాటినా అసలు విషయం రాలేదు. ఇక్కడ ప్రొఫెసర్లు మొదటి పేరాలోనే మీ వాదన ఏమిటో ఒక వాక్యంలో చూడాలనుకుంటారు. ఇంకో చిక్కు బట్టీ. ఇంటర్‌లో గైడులో ఉన్నది ఉన్నట్టు రాస్తే ఫుల్ మార్కులు. ఇక్కడ ఎవరి మాట అయినా పేరు చెప్పకుండా రాస్తే దొంగతనం కింద లెక్క, క్లాస్‌లో సున్నాతో మొదలై కాలేజీ రికార్డు దాకా వెళ్తుంది. ఎంఎల్‌ఏ, ఏపీఏ అనే ప్రామాణిక పద్ధతుల్లో మూలం ఎలా చెప్పాలో రైటింగ్ సెంటర్‌లో, లైబ్రరీలో ఓపికగా నేర్పుతారు.

డెడ్‌లైన్‌కి రెండు రోజుల ముందు వెళ్లండి, మార్చుకోవడానికి టైమ్ ఉండాలి కదా. ప్రొఫెసర్ ఇచ్చిన ప్రశ్నపత్రం మర్చిపోకండి.

ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్

ఇవి ప్రొఫెసర్ తీరిక సమయం కాదు, మీకోసం కేటాయించిన సమయం. అయినా చాలామంది ప్రొఫెసర్లు ఆ గంట ఒంటరిగా కూర్చుంటారు.

ఒక చిన్న మాట మార్చుకోండి. మనం "ఐ హ్యావ్ ఎ డౌట్" అంటాం. ఇక్కడ డౌట్ అంటే అనుమానం, మీరు చెప్పింది నమ్మడం లేదు అన్న అర్థం వస్తుంది. "ఐ హ్యావ్ ఎ క్వశ్చన్" అనండి. "సర్, మేడమ్" బదులు ప్రొఫెసర్ అని వాళ్ల ఇంటిపేరుతో పిలవండి. మెయిల్ రాస్తే మొదటి లైన్‌లో ఏ క్లాస్, ఏ సెక్షన్ అని చెప్పి, ఏ లెక్క దగ్గర ఆగారో, మీరు ఏం ప్రయత్నించారో రెండు వాక్యాలు రాసి, ఒక ప్రశ్న అడిగితే చాలు. కష్టాలన్నీ రాయక్కర్లేదు. ఇంట్లో నిజంగా పెద్ద ఇబ్బంది వచ్చి గడువు కావాలంటే మాత్రం గడువు దాటకముందే అడగండి.

క్లాస్‌కి అతుక్కుని ఉండే సాయం

కెమిస్ట్రీ, అనాటమీ, అకౌంటింగ్ లాంటి క్లాసులకి కొన్ని కాలేజీల్లో సప్లిమెంటల్ ఇన్‌స్ట్రక్షన్ ఉంటుంది. 1973లో యూనివర్సిటీ ఆఫ్ మిస్సోరీ కాన్సస్ సిటీలో మొదలైన పద్ధతి. అదే క్లాస్ ముందు బాగా పాసైన విద్యార్థి మళ్లీ మీతో పాటు క్లాస్‌లో కూర్చుని, వారానికి రెండు మూడు సార్లు విడిగా గ్రూప్ స్టడీ నడుపుతారు. ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చింది ఒకటుంది: విద్యార్థులను తెలివైనవాళ్లు, వెనకబడినవాళ్లు అని విడదీయరు. ఎక్కువమంది తప్పే క్లాస్ ఏదో చూసి, ఆ క్లాస్‌కి సాయం పెడతారు. ఏ గ్రేడ్ వాళ్లయినా వెళ్లి కూర్చోవచ్చు.

లైబ్రరీలో రిజర్వ్ డెస్క్ అని ఉంటుంది. టెక్స్ట్‌బుక్ కొనలేకపోతే అక్కడ గంటో రెండు గంటలో తీసుకుని చదువుకోవచ్చు. ల్యాప్‌టాప్, గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్ కూడా చాలాచోట్ల అరువిస్తారు.

డిసెబిలిటీ సర్వీసెస్: మన ఇళ్లలో ఎవరూ ఎత్తని మాట

డిస్‌లెక్సియా, ఏడీహెచ్‌డీ, తీవ్రమైన యాంగ్జైటీ, వినికిడి సమస్య, డయాబెటిస్ లాంటి దీర్ఘకాల అనారోగ్యం, ఇవన్నీ చదువుకి అడ్డుపడితే, వైకల్యం ఉన్న విద్యార్థులకి సాయపడే ఈ ఆఫీసు కిందికి రావచ్చు. 1973 నాటి రిహాబిలిటేషన్ చట్టం 504వ సెక్షన్, 1990 నాటి డిసెబిలిటీస్ చట్టం మీకు హక్కు ఇస్తాయి. పరీక్షకి అదనపు సమయం, ప్రశాంతమైన గది, నోట్సు రాసిపెట్టే ఏర్పాటు లాంటివి అడగొచ్చు.

హైస్కూల్లో స్కూలే పిల్లవాడిని గుర్తించి, అతనికి కావాల్సిన ప్రత్యేక ఏర్పాట్లతో ఐఈపీ అనే ప్రణాళిక రాస్తుంది. కాలేజీలో ఆ ఐఈపీ నడవదు. మీరే వెళ్లి చెప్పాలి, డాక్టర్ కాగితాలు ఇవ్వాలి. చెప్పకపోతే కాలేజీ తనంతట తాను అడగదు. ఇది తెలియక చాలామంది మొదటి సెమిస్టర్ పోగొట్టుకుంటారు. ఏర్పాట్లు వెనక్కి వర్తించవు కూడా, తప్పిన మిడ్‌టర్మ్‌కి తర్వాత అదనపు సమయం ఇవ్వరు. కాబట్టి సెమిస్టర్ మొదలవడానికి ముందే వెళ్లండి.

నలుగురికీ తెలిసిపోతుందేమో, పెళ్లి సంబంధాల్లో అడ్డొస్తుందేమో అని భయపడే తల్లిదండ్రులతో మాట్లాడాను. ఆ భయం నాకు అర్థమవుతుంది. వాళ్లకి నేను చెప్పేది ఇదే: ట్రాన్‌స్క్రిప్ట్ (మార్కుల రికార్డు) మీద దీని గురించి ఒక్క అక్షరం ఉండదు. ప్రొఫెసర్‌కి వెళ్లే ఉత్తరంలో "ఈ విద్యార్థికి ఒకటిన్నర రెట్లు సమయం ఇవ్వండి" లాంటి ఏర్పాట్లే ఉంటాయి, జబ్బు పేరు ఉండదు.

జారిపోతున్నామని తెలిసినప్పుడు

మిడ్‌టర్మ్ పోయింది. ఇప్పుడు ముందు చేయాల్సింది ఏడవడం కాదు, తేదీలు చూడటం. మొదటి తేదీ, రికార్డులో ఏమీ పడకుండా వదిలేయగలిగేది, సెమిస్టర్ మొదట్లోనే దాటిపోతుంది. రెండో తేదీ దాకా వదిలితే రికార్డులో డబ్ల్యూ, అంటే విత్‌డ్రా అయినట్టు గుర్తు, పడుతుంది. కాలిఫోర్నియాలో ఇది టర్మ్‌లో 75 శాతం గడిచేలోపు ఉంటుంది. డబ్ల్యూ గ్రేడ్ సగటును తగ్గించదు, ఎఫ్ (ఫెయిల్) తగ్గిస్తుంది. ఆ రెండో తేదీకి వారం ముందు ప్రొఫెసర్ దగ్గరికి వెళ్లి సూటిగా అడగండి: "మిగిలిన వాటిలో ఎంత తెచ్చుకుంటే నాకు సి వస్తుంది?" లెక్క తేలితే నిర్ణయం తేలిక.

కానీ వదిలే ముందు మూడు చోట్ల అడగాలి. టెక్సాస్‌లో 2007 నుంచి ప్రభుత్వ కాలేజీల్లో డిగ్రీ మొత్తానికి ఆరు క్లాసులకి మించి వదలకూడదు అన్న నియమం ఉంది. గ్రీన్ కార్డు ఉండి ఫైనాన్షియల్ ఎయిడ్ తీసుకుంటుంటే, తీసుకున్న యూనిట్లలో సాధారణంగా 67 శాతం పూర్తిచేయాలి, గ్రేడ్ సగటు 2.0 ఉండాలి. డబ్ల్యూ సగటును తాకకపోయినా ఈ శాతాన్ని తగ్గిస్తుంది. ఇక ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లు అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసు అనుమతి లేకుండా 12 యూనిట్ల కిందికి దిగకూడదు. ముందు వదిలేసి తర్వాత చెప్తే స్టేటస్‌కే ఎసరు. ఒక్క క్లిక్‌తో పోయే క్లాస్ కదా అనుకోవద్దు.

మీరు వెనకపడుతున్నారని కాలేజీ పంపే ఎర్లీ అలర్ట్ మెయిల్‌కి వస్తే కోప్పడకండి. ప్రొఫెసర్ మీ గురించి పట్టించుకుని ఒక బటన్ నొక్కారు, అంతే. కౌన్సెలర్ ఫోన్ చేస్తే ఎత్తండి.

తల్లిదండ్రులకి

మీ అబ్బాయి వయసు పదిహేడే అయినా, ఫీజు మీరే కట్టినా, కాలేజీలో చేరాక అతని మార్కులు అడిగే హక్కు అతనిదే. 1974 నాటి ఫెర్పా చట్టం అది. మీరు ఫోన్ చేస్తే కాలేజీ మర్యాదగా చెప్పలేమంటుంది. పిల్లలు సంతకం చేస్తే చెప్పొచ్చు, కానీ ఆ సంతకం కోసం గొడవ పడటం కంటే, "మార్కులెన్ని?" అనే ప్రశ్న మార్చి "ఈ వారం ట్యూటరింగ్‌కి వెళ్లావా, ఏం చూపించావు?" అని అడిగి చూడండి. మా ఇంట్లో మా అమ్మాయితో అదే పనిచేసింది.

బల్లకి ఇటువైపు

ఒక క్లాస్‌లో ఏ గ్రేడ్ గానీ మంచి బి గానీ వచ్చాక, ఆ ప్రొఫెసర్‌ని రికమెండేషన్ అడిగి ట్యూటర్‌గా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఎఫ్-1 వాళ్లు క్లాసులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటల దాకా పని చేయొచ్చు. హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల భార్య లేదా భర్త లాంటి కుటుంబసభ్యుల వీసా) వాళ్లు చదువుకోవచ్చు గానీ, ఈఏడీ, అంటే పని అనుమతి పత్రం, లేకుండా జీతానికి చేయకూడదు. నేను గ్రీన్ కార్డు వచ్చిన నెలలోనే దరఖాస్తు పెట్టాను. ఇంటర్వ్యూలో నన్ను అడిగింది ఒకటే, బోర్డు మీద ఒక లెక్క తప్పుగా రాసి, "ఈ విద్యార్థికి జవాబు చెప్పకుండా ఎలా సాయం చేస్తారు?" అని. సుద్దముక్క తీసుకుని, ఎక్స్ బదులు 1 పెట్టి చూడమన్నాను.